నాకు నచ్చిన వీడియో గేములు

(సంఘం సంవత్సరాది సభలో చేసిన ప్రసంగపాఠం)



సంవత్సరాది నాడు ఈ వేదికమీద పంచాంగశ్రవణం జరుగుతుంది, పద్యాలు చదువుతారు, గిడుగు రామమూర్తి పంతులుగారిని ఎవరో ఒకరు తలుచుకుంటారు. ఈసారి కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మీరు బళ్లో లెక్కలు చెబుతారు గదా! పిల్లలు ఫోన్లు పట్టుకుని ఆడే గేములవల్ల కలిగే చెరుపును గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. "చెరుపును గురించి చెబుతాను గాని, ముందు వాటివల్ల నాకు కలిగిన సంతోషాన్ని చెప్పుకోనిస్తారా?" అని అడిగాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "మీరు ఆడతారా అమ్మా?" అన్నారు. "ఆడతానండీ. ముప్ఫైయేళ్లు దాటింది ఆడబట్టి" అన్నాను. ఆయన ఆశ్చర్యపడ్డారో విచారించారో నాకు తెలియదు. మొత్తంమీద ఇవాళ నన్ను ఇక్కడ నిలబెట్టారు.

మొదట ఒక చిన్నమాట మనవి చేస్తాను. మన సంచికమీద "ప్రవాసాంధ్ర" అని అచ్చువేస్తాము. అది చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. మా ముత్తాతగారు ఈ బరంపురంలోనే పుట్టి ఈ బరంపురంలోనే పోయారు. ఆయన ఇల్లు అంగుళం కదలలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ఏర్పడ్డప్పుడు సరిహద్దే కదిలింది. మద్రాసు రాజధానిలో పడుకున్నవారు తెల్లవారి ఒరిస్సాలో లేచారు. వీడియో గేముల్లో కూడా జరిగేది ఇదే. బొమ్మ పరుగెత్తుతున్నదని మనం అనుకుంటాము. బొమ్మ చాలాభాగం తెర మధ్యనే వుంటుంది, కాళ్లు మాత్రం ఆడిస్తుంది. జరిగిపోయేది నేల.

1993లో నాకు పన్నెండేళ్లు, మా తమ్ముడికి ఎనిమిది. పెద్దబజారు వెనక ఒక సందులో ఒక ఒడియా కుర్రవాడు తన ముందుగదిలో రెండు టీవీలు పెట్టి టీవీ గేము అద్దెకు ఇచ్చేవాడు. గంటకు ఐదు రూపాయలు. ఐదు రూపాయలు ఎక్కడివి? మా అమ్మ అప్పడాలు చేసి దుకాణాలకు వేసేది. బరంపురం అప్పడాల సంగతి ఈ సభలో నేను చెప్పనక్కరలేదు. నూరు అప్పడాలు వత్తితే మాకు రూపాయి ఇచ్చేది. అంటే ఐదువందల అప్పడాలకు ఒక గంట ఆట. కాలాన్ని అప్పడాల్లో లెక్కపెట్టే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఈ ప్రసంగానికి కార్యదర్శిగారు ఇచ్చిన సమయం సుమారు రెండువందల యాభై అప్పడాలు.

ఆ గదికి ఆడపిల్లలు వచ్చేవారు కారు. నాన్న అడిగితే, "గుంటడు ఒక్కడూ పోతున్నాడు, తోడు వెళ్లాను" అనేదాన్ని. నిజానికి వాడే నాకు తోడు. వాడు లేకపోతే ఆ గడప తొక్కే ధైర్యం నాకెక్కడిది? గంట అయిపోగానే దుకాణం కుర్రవాడు "ఆఉ థొరే?" అని అడిగేవాడు. ఇంకొకసారా అని అర్థం. అది మా నోట పట్టుబడిపోయింది. అన్నం మారు వడ్డించమనాలన్నా "ఆఉ థొరే" అనేవాళ్లం. "వీధిలో ఎట్లాగూ తప్పదు, ఈ ఇంట్లోనైనా తెలుగు మాట్లాడండిరా" అని అమ్మ కేకలు వేసేది.

అక్కడ మేము మొదట ఆడింది సూపర్ మేరియో బ్రదర్స్. 1985లో జపానులో వచ్చిన ఆట అది. షిగెరు మియామోటో అనే ఆయన దాని రూపకర్త. ఆ సంగతులేవీ అప్పుడు మాకు తెలియవు. ఎర్రటోపీ, మీసాలు, పొట్టి మనిషి, ఇంతే తెలుసు. నేను లెక్కల పంతులమ్మను కాబట్టి ఈ ఆటను గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపికపట్టండి.

ఆట మొదలుకాగానే వాడు ఎడమపక్కన నిలబడి వుంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు, చెప్పనక్కరలేదు కూడా. నాలుగడుగులు వేయగానే పుట్టగొడుగు ఆకారంలో ఒక కోపిష్టి జంతువు ఎదురు నడిచివస్తుంది. తగిలితే చచ్చామన్నమాటే. పోనీ, పోయింది నాలుగడుగులే గదా! రెండోసారి ఎగురుతాము. ఎగిరి పొరపాటున దాని నెత్తిన పడితే అదే చస్తుంది. తగలకూడదు, ఎగరవచ్చు, నెత్తిన దూకవచ్చు అన్న మూడు పాఠాలు అరనిమిషంలో అయ్యాయి, గురువు నోరు విప్పలేదు. తరవాత తలమీద ప్రశ్నార్థకం గుర్తు వున్న పెట్టె వస్తుంది. దాన్ని తలతో పొడిస్తే ఒక పుట్టగొడుగు బయటికి వస్తుంది. ఇందాక పుట్టగొడుగులాంటి దాని చేతనే చచ్చినవాడు దీన్ని చూసి కూడా పారిపోవాలని చూస్తాడు. కాని అది కుడివైపు జారి, అక్కడ గొట్టానికి తగిలి, వెనక్కు తిరిగి మనమీదికే వస్తుంది. ఎగిరి తప్పించుకుందామంటే పైన ఇటుకలు అడ్డం. సరే, తగులుతుంది. తగిలితే చావడం లేదు, మేరియో రెండింతలు పెరుగుతాడు! ఇదంతా యాదృచ్ఛికం కాదని, కొత్తవాడికి ఆ పుట్టగొడుగు తప్పక తగలాలని మియామోటోగారు బుద్ధిపూర్వకంగానే అట్లా అమర్చారని చాలాకాలం తరవాత చదివాను.

ఇరవైయేళ్లుగా తొమ్మిదో తరగతికి బీజగణితం చెబుతున్నాను. మొదటిరోజు ఏ లెక్క ఇస్తే పిల్ల భయపడకుండా తప్పు చేసి, ఆ తప్పులోంచి తానే సూత్రాన్ని పట్టుకుంటుందా అని ప్రతి జూనులోనూ తల బద్దలుకొట్టుకుంటాను. ఆ ప్రశ్న నాకు ఏ శిక్షణ కళాశాలలోనూ ఎదురుకాలేదు, ఆ సందులోని ముందుగదిలోనే ఎదురయింది.

మరొక వింత చెబుతాను. ఈ ఆట మొత్తం నలభై కిలోబైట్లు. ఇప్పుడు ముందువరసలో కూర్చున్న అబ్బాయి నన్ను తీస్తున్న ఒక్క ఫోటోలో ఇట్లాంటి ఆటలు ఎన్నో పడతాయి. అంత చిన్నచోట ఎట్లా ఇరికించారంటే, అందులో ఆకాశంలోని మేఘమూ నేలమీది పొదా ఒకటే బొమ్మ. తెల్లరంగు వేస్తే మేఘం, పచ్చరంగు వేస్తే పొద. పాత చీరతో దిండుగలీబు, చేతిసంచి, మసిగుడ్డ వరసగా చేసుకున్న అమ్మల పిల్లలకు ఆ తెలివి వెంటనే అర్థమవుతుంది.

ఎనిమిది లోకాలున్న ఆటలో మొదటి ఏడు కోటలూ గెలిచినా, "రాకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో వుంది" అనే చెబుతారు. మా నాన్న ఒక బకాయికోసం కార్యాలయాల చుట్టూ తిరిగే రోజులవి. సాయంకాలం ఆయన చెప్పులు విప్పే తీరు చూసి, "వేరే కోటలో వుందట" అని మేమిద్దరం గుసగుసలాడుకునేవాళ్లం. ఆయన విన్నాడో లేదో!

రెండోది కాంట్రా. పేరు వినగానే వెనకవరసలో కొందరు నవ్వుతున్నారు, వారికి తెలిసినట్టే వుంది. కొనామి కంపెనీవారిది, 1987లో పుట్టింది, మరుసటి ఏడు ఇళ్లలో ఆడే క్యాసెట్టుగా వచ్చింది. ఇద్దరు సైనికులు, తుపాకులు, అడవి. కథ ఏమీ లేదు. యుద్ధమంటే నాకు సరదా లేదు, నన్ను ఆకట్టుకున్నది అందులో వున్న జంట ఆట. మేరియోలో ఒకరి తరవాత ఒకరు ఆడాలి, ఇందులో ఇద్దరూ ఒకే తెరమీద ఒకేసారి వుంటారు. తలకు మూడు ప్రాణాలు. ఒకరి ప్రాణాలు అయిపోతే మీట నొక్కి రెండోవారి ప్రాణాల్లోంచి ఒకటి తీసుకోవచ్చు. అడగనక్కరలేదు. మా తమ్ముడు మర్యాదస్తుడు కాబట్టి, "అప్పా, ఒక్క ప్రాణం" అని అంటూనే తీసేసుకునేవాడు. నేను జాగ్రత్తగా వెనక వుండి ప్రాణాలు మిగల్చడం నేర్చుకున్నది నాకోసం కాదు.

మూడో అంకంలో జలపాతం పక్కన రాళ్లమీదుగా పైకి ఎక్కాలి. అక్కడ ఒక చిక్కు వుంది. ఒకడు తొందరపడి పైకి పోతే తెర వాడితోపాటు పైకి జరుగుతుంది, కింద వెనకబడ్డవాడు తెరలోంచి జారి చస్తాడు. కాబట్టి ఇద్దరూ కూడబలుక్కుని ఎక్కాలి. మా తమ్ముడు ఎప్పుడూ తొందరపడేవాడు. వాడివల్ల ఆ జలపాతంలో నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు.

ఆట మొదలయ్యేముందు పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపైన బి, ఎ అని వరసగా నొక్కితే మూడుకు బదులు ముప్ఫై ప్రాణాలు వస్తాయి. కొనామిలో పనిచేసే ఒకాయన అంతకుముందు గ్రేడియస్ అనే మరొక ఆటను పరీక్షించేటప్పుడు దాన్ని గెలవలేక, తనకోసం పెట్టుకున్న దొంగదారి అది. దుకాణం కుర్రవాడు ఆ మంత్రాన్ని ఏడాదిపాటు మాకు చెప్పలేదు. ఠాకురాణి యాత్రలో మా తమ్ముడు ఒంటినిండా పసుపూ నలుపూ చారలు పూయించుకుని పులివేషం కట్టిన రోజున, ఆ వేషం చూసి సంతోషించి, వాడి చెవిలో చెప్పాడు. యాత్రకు బహుమానం అని వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నోకియా ఫోనులో పాము ఆట అందరూ ఆడారు, నేనూ ఆడాను. బస్సుకోసం నిలబడే కాలం దానితో గడిచేది. అంతకుమించి చెప్పేందుకు ఏమీ లేదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా అట్లాంటిది కాదు. 1998లో కంప్యూటరు శిక్షణ కేంద్రంలో చేరినప్పుడు, పాఠం అయ్యాక మిగిలిన పావుగంటలో నేను ఆడింది అది. 1989లో జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు దాదాపు ఒక్కడే కూర్చుని చేసిన ఆట. తన తమ్ముడికి తెల్లబట్టలు తొడిగి, పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటే చూసి గీశాడట. అందుకే ఆ రాకుమారుడు బొమ్మలా కదలడు. అంచున ఆగినప్పుడు తూలుతాడు, దూకి చేతులతో గోడ పట్టుకుంటే మన భుజాలు లాగుతాయి. అరవై నిమిషాలు గడువు. చచ్చినా గడియారం ఆగదు.

అందులో ఒకచోట దారికి అడ్డంగా నిలువుటద్దం వుంటుంది. పరుగెత్తి అద్దంలోకి దూకాలి. దూకగానే అవతలివైపు మన నీడ వేరే మనిషై పారిపోతుంది. అక్కడినుంచి ఆ నీడ మనకు శత్రువు. తాగవలసిన మందు ముందే తాగేస్తుంది, ముఖంమీద తలుపు వేస్తుంది. చివరకు కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని ఒక దెబ్బ కొడితే మన ప్రాణమే తగ్గుతుంది. నేను నెలరోజులు దానితో పోరాడి ఓడిపోయాను. ఒకనాడు తమ్ముడు వెనక నిలబడి చూసి, "కత్తి ఒరలో పెట్టెయ్యి అప్పా, నడిచి వెళ్లిపో" అన్నాడు. పెట్టేశాను. రెండడుగులు ముందుకు వేస్తే నీడా నేనూ ఒకటయిపోయాము. ఆ క్షణంలో కలిగిన ఆనందం వంటిది నాకు ఏ నవలలోనూ కలగలేదంటే సాహిత్యప్రియులు క్షమించాలి. నవలలో ఎవరో కత్తి దించుతారు, ఇక్కడ దించింది నా వేలు.

ఇక టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేశాడు. నాలుగేసి గళ్ల ముక్కలు, ఏడు రకాలు, పైనుంచి రాలుతుంటాయి. వరస నిండితే మాయమవుతుంది. మనకు "బ్రిక్ గేము" అని రెండు పెన్సిలు సెల్లులతో నడిచే చేతిడబ్బాగా వచ్చింది. తమ్ముడికోసం కొన్నది మా ఇంటి అలమరాలో పడివుండేది.

2013 అక్టోబరు 12వ తేదీ ఈ సభలో ఎవరూ మరచిపోలేదు. దుర్గాష్టమి. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకు రెండువందల కిలోమీటర్ల గాలి. తలుపులకు బల్లలు అడ్డంపెట్టి ఇంట్లో అందరం ఒక్కగదిలో కూర్చున్నాము. తెల్లవారేసరికి వీధిలో చెట్లు లేవు, స్తంభాలు లేవు. కరెంటు చాలారోజులు రాలేదు. ఫోన్లన్నీ మొదటిరోజే చచ్చాయి. సూరత్‌లో వున్న తమ్ముడికి మేము బతికే వున్నామని చెప్పే దారి లేదు. అమ్మ రెండురోజులు అన్నం ముట్టలేదు, వాడు అక్కడ ఏమనుకుంటున్నాడో అని. మూడోనాడు మా పాప అలమరాలోంచి బ్రిక్ గేము లాగింది. టార్చిలైటు సెల్లులు తీసి దానికి వేశాను, నడిచింది! అమ్మ చేతిలో పెట్టి చూపించాను. ముప్ఫైయేళ్లు డబ్బాల్లో సందులేకుండా అప్పడాలు పేర్చిన చెయ్యి. మొదటి సాయంకాలానికే నన్ను దాటిపోయింది. "ఈ వంకరముక్క నాకే ఎందుకు వస్తుందే?" అని విసుక్కుంటూ, అన్నం కలిపిన పళ్లెం పక్కన పెట్టుకుని, ఆడుతూ తింది. ఆ డబ్బా చేసినవాడెవడో చైనాలో వున్నాడు. వాడికి నేను ఋణపడి వున్నాను.

టెట్రిస్‌ను నేను బళ్లోకి కూడా తీసుకువెళ్లాను. ఏడు ముక్కలూ అట్టతో కత్తిరించి ఇస్తాను. ఏడు నాలుగులు ఇరవైయెనిమిది. "వీటితో నాలుగుకు ఏడు దీర్ఘచతురస్రం కట్టండి" అంటాను. పిల్లలు గంటసేపు కుస్తీ పడతారు. ఎప్పుడూ ఒక గడి మిగిలిపోతుంది, లేదా ఒక ముక్క బయటికి పొడుచుకువస్తుంది. అప్పుడు గళ్లకు చదరంగపు బల్లలాగా నలుపు తెలుపు వేయిస్తాను. దీర్ఘచతురస్రంలో నలుపు పద్నాలుగు, తెలుపు పద్నాలుగు. ముక్కల్లో ఆరింటికి రెండు నలుపు, రెండు తెలుపు వస్తాయి. త్రిశూలంలాంటి ముక్కకు మాత్రం ఒక రంగు మూడు, రెండోది ఒకటి. మొత్తం పదిహేను, పదమూడు. కాబట్టి ఎంత తిప్పినా కుదరదు. "చేతకాకపోవడం వేరు, అసాధ్యం కావడం వేరు" అన్న సంగతి ఆ రోజున పిల్లల ముఖాల్లో కనబడుతుంది. ఆ ఒక్కరోజుకోసమే నాకు ఈ ఉద్యోగం ఇష్టం.

టెట్రిస్‌లో గెలుపు లేదు, వేగం పెరిగి పెరిగి చివరకు ఓడవలసిందే అని అందరం అనుకున్నాము. 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ల కుర్రవాడొకడు పాత నింటెండో యంత్రంమీద ఎంత దూరం ఆడాడంటే, 157వ మెట్టులో యంత్రమే ముందుకు పోలేక బిగుసుకుపోయింది. ఆ వీడియో అమ్మకు చూపిద్దామనుకున్నాను. అప్పటికి అమ్మ లేదు.

ఇప్పుడు కార్యదర్శిగారు అడిగిన చెరుపు దగ్గరికి వస్తున్నాను. దీన్ని తమ్ముడి అనుమతితోనే చెబుతున్నాను. పేరు చెప్పవద్దన్నాడు, చెప్పను. ఎవరో మీలో సగంమందికి తెలుసు.

గంజాంనుంచి సూరత్‌కు పోయే రైళ్లు ఎట్లా కిక్కిరిసి వుంటాయో మనకందరికీ తెలుసు. మావాడు 2006లో వెళ్లాడు. బట్టల వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. 2020 మార్చిలో దేశమంతా మూతబడ్డప్పుడు ఒక్కగదిలో చిక్కిపోయాడు. ఆ రోజుల్లో మేము నలుగురం ఫోన్లలో లూడో కింగ్ ఆడేవాళ్లం. ఇక్కడ అమ్మ, పాప, నేను, అక్కడ వాడు. మా మామ్మ సున్నంతో గళ్లు గీసి ఆడించిన అష్టాచెమ్మాకు అది మనమరాలు. అమ్మ వాడి కాయను చంపినప్పుడు, వాడు అక్కడ గట్టిగా నవ్వితే ఇక్కడ ఇల్లంతా వినబడేది. మే నెలలో సూరత్‌నుంచి ప్రత్యేక రైళ్లు గంజాం చేరాయి. యజమాని జీతం ఆపకపోవడంతో వాడు రాలేదు. రాకపోవడమే పొరపాటు అయింది.

రాత్రులు నిద్రపట్టక డబ్బుపెట్టి ఆడే ఒక రమ్మీ ఆటలో దిగాడు. మొదటి రోజున మూడువందలు గెలిచాడట. ఆ మూడువందలే కొంప ముంచింది. 2021 చివరలో ఒకనాడు ఫోను చేసి, "అప్పా, ఒక్క పదివేలు" అన్నాడు. పంపాను. నెల తిరక్కుండా మళ్లీ "అప్పా, ఒక్క పదివేలు." మూడోసారి విన్నప్పుడు ఆ గొంతును గుర్తుపట్టాను. ఆ పెద్దబజారు సందులో "అప్పా, ఒక్క ప్రాణం" అన్న గొంతే అది. మర్నాడు సెలవు పెట్టి రైలెక్కాను.

వాడు ఏమీ దాచలేదు. పోయింది లక్షా ఎనభైవేలు. ఇక్కడ మేడమీద గది వేసుకుందామని పదేళ్లుగా కూడబెట్టిన సొమ్ము. తిట్టేందుకే వెళ్లాను గాని, తిట్లు రాలేదు. కాగితం తీసి లెక్క వేశాను. ప్రతి ఆటలోనూ పందెంలో కొంతభాగం కంపెనీ తీసుకుంటుంది. నూటికి పది అనుకుందాం. ఇద్దరు సమానమైన నేర్పుగలవాళ్లు తమ దగ్గరున్న వెయ్యి రూపాయలూ ఒడ్డి ఆడితే, ఒక ఆటకు తొమ్మిదివందలు మిగులుతుంది. ఏడు ఆటలకు వారిద్దరి మధ్యా మిగిలేది నాలుగువందల డెబ్భైయెనిమిది. ఎవరు గెలిచారన్నది తరవాతి మాట, బల్లమీది డబ్బే కరిగిపోతున్నది. "నువ్వు ఆడింది ఎదుటివాడితో కాదురా" అన్నాను. వాడు కాగితం చాలాసేపు చూసి, "జలపాతంలో తెర జరిగినట్టు" అన్నాడు.

2022లో తిరిగి వచ్చేశాడు. ఇప్పుడు పట్టుబట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది, అదే చట్టంలో ఇ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ అంతకు ఐదేళ్లముందే నిషేధించింది. వాడు ఆ వార్త చదివి కాగితం మడిచి పెట్టాడు, ఏమీ అనలేదు.

కాబట్టి తల్లిదండ్రులు నన్ను "మావాడు గేములు ఆడుతున్నాడండీ" అని అడిగితే, నేను రెండే ప్రశ్నలు వేస్తాను. ఓడితే ఏమి పోతుంది? ఎవరితో ఆడుతున్నాడు? ఓడితే నాలుగడుగులు వెనక్కు పోయే ఆట అయితే నాకు భయం లేదు. పబ్జీవంటివి నాకు స్వయంగా నచ్చవు. వందమంది దిగి ఒక్కరో ఒక జట్టో మిగలడం నా స్వభావానికి పడదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని ఆపినప్పుడు నేనేమీ బాధపడలేదు. మా బళ్లో మగపిల్లలు మట్టుకు తద్దినం పెట్టినంత పని చేశారు. అట్లాగని ఆడేవాళ్లంతా చెడిపోయారని నేననను. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో వీడియో గేములకు పతకాలు ఇచ్చారు. రాత్రి రెండుదాకా ఆడి తరగతిలో నిద్రపోయే పిల్లవాడికి మాత్రం పతకం రాదు, సున్నాయే వస్తుంది. ఆ మాట వాడి మొహంమీదే చెబుతాను.

తమ్ముడు వచ్చిన వేసవిలో మేమిద్దరం కలిసి రాజీ అనే ఆట ఆడాము. పూనాలోని నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థవారు చేసింది, 2020లో వచ్చింది. మన దేశపు కోటలు, కొలనులు, ఆలయాలు అందులో ఎంత బాగా గీశారో చెప్పలేను. దుర్గాదేవీ విష్ణువూ మాట్లాడుకుంటూ కథ నడుపుతారు. మధ్యమధ్య కథ తోలుబొమ్మల నీడల్లాగా తెరమీద ఆడుతుంది. మన తోలుబొమ్మలాటా ఒడియావారి రావణఛాయా చూసిన కళ్లకు అది పుట్టింటి సొమ్ము. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ అక్క ఒక్కతే త్రిశూలం పట్టుకుని పోవడం దాని కథ. నేను ఆడుతున్నాను, వాడు పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఆ గుంటడు అక్కడ వూరికే కూర్చుంటాడేం? వాడికి కూడా ఒక కర్ర ఇవ్వవచ్చు గదా!" అన్నాడు. ఆ ఆటమీద నేను విన్న విమర్శల్లో అదే మంచిది.

చివరగా ఆ మూలబల్లమీద వున్న చిన్న పెట్టె సంగతి. అది మా తాతగారి గంజపా. గంజాం పేరుకూ గంజపా పేరుకూ చుట్టరికం కలపకండి. మొగలాయీలు గంజీఫా అన్నదాన్నే ఒడియావారు గంజపా అన్నారు. బాబరు చక్రవర్తి తన దినచర్యలో ఆ చీటీలను పేర్కొన్నాడు. గుండ్రని చీటీలు. గుడ్డను చింతగింజల జిగురుతో పొరలుగా అతికించి, సుద్ద పూసి, చిత్రకారులు చేత్తో రంగులు వేస్తారు, పైన లక్క పూత. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు, మొత్తం తొంభైయారు. ఒక్కొక్క రంగుకు రాజు, మంత్రి, ఒకటినుంచి పదిదాకా అంకెలు. తమాషా ఏమిటంటే సగం రంగుల్లో పది పెద్దది, మిగిలిన సగంలో ఒకటి పెద్దది. ఏది పడిందో, ఎవరి చేతిలో ఏది మిగిలిందో అన్నీ గుర్తుంచుకోవాలి. తాతగారు ఇద్దరు ఒడియా స్నేహితులతో అరుగుమీద ఆడేవారు. సరిహద్దు ఎటు జరిగినా ఆ అరుగుమీద మాత్రం ముగ్గురూ చెరొక భాషలో తిట్టుకునేవారు. పందెం వక్కలు. ఓడినవాడు వక్కలిస్తే గెలిచినవాడు ముగ్గురికీ తాంబూలం కట్టేవాడు.

ఆ పెట్టెలో ఇప్పుడున్నవి తొంభైయయిదు. ఒక చీటీ ఫైలిన్ నీళ్లలో పోయింది. పోయినదానికి బదులు తమ్ముడు అట్టను గుండ్రంగా కత్తిరించి, పాప చేత రంగు వేయించాడు. కొంచెం పెద్దదయింది, వెనకనుంచి చూసినా తెలిసిపోతుంది. అది ఎవరి చేతిలో వున్నదో అందరికీ తెలిసే ఆడాలి. ఆటకు ముగ్గురు కావాలి. నేనూ తమ్ముడూ వున్నాము. భోజనాలయ్యాక మూడోవారు ఎవరైనా వస్తే కూర్చుందాం. ఆట తెలియకపోయినా ఫరవాలేదు, నేర్పుతాను. చేతులు మట్టుకు తుడుచుకుని రండి, రంగు పోతుంది. వక్కలు నేను తెచ్చాను.

సెలవు.